సుద్ద అంటిన చెవి

ఆ జిమ్‌లో అందరూ అతన్ని దిండు అంటారు. అసలు పేరు లైసెన్సు కార్డు మీద ఉంటుంది గానీ, దాన్ని చదివేది ఏడాదికోసారి వచ్చే డాక్టరు ఒక్కడే. ఎవరెంత గుద్దినా లోపలికి నొక్కుకుపోయి, కాసేపటికి మళ్ళీ మామూలుగా ఉబ్బుతాడని ఆ పేరు పెట్టారు. పెట్టిన మనిషి ఏనాడో బాక్సింగ్ వదిలేసి టైర్ల దుకాణం తెరిచాడు. పేరు మాత్రం అతన్ని అంటిపెట్టుకుని ఇక్కడే ఉండిపోయింది.

దిండుకి ముప్ఫై ఏడేళ్ళు. సొంత పోటీలు లేక తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడతని పని వేరేవాళ్ళలా ఆడటం. జిమ్‌లో ఎవరికైనా పోటీ ఖాయమైందంటే, మాస్టారు ఆ ఎదుటివాడి పాత వీడియోలు తెచ్చి దిండు చేతిలో పెడతాడు. దిండు వారం రోజులు వాటి ముందు కూర్చుంటాడు. వాడెలా నిలబడతాడు, భుజం ఎప్పుడు దించుతాడు, అలిసిపోతే ఏ కాలు ఈడుస్తాడు, తల ఎటు తప్పిస్తాడు, అన్నీ ఒంటికి పట్టించుకుని రింగులోకి దిగుతాడు. అక్కణ్ణుంచి పోటీ దాకా అతనే ఆ ఎదుటివాడు. పోటీ అయిన మర్నాడు ఆ మనిషిని తడిసిన బనీనులా విప్పి పడేస్తాడు. ఇలా ఇప్పటికి నలభైమంది దాకా అయ్యాడు. మధ్యలో ఖాళీ దొరికినప్పుడు, అసలు తను ఎలా ఆడేవాడో గుర్తుచేసుకోబోతే సరిగ్గా గుర్తు రాదు.

"దెబ్బలు తినే ఉద్యోగం కదా నీది" అని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోడు. తినడానికైతే గోడ చాలు, పుచ్చుకోవడానికి మనిషి కావాలంటాడు. పళ్ళు బిగించాలి. గడ్డం రొమ్ముకి ఆనించాలి. ముక్కుతో గాలి ఒక్క చీదు చీదాలి. అన్నిటికంటే ముఖ్యం, దెబ్బకి ఎదురు నిలవకూడదు. అది పోయే దారినే తలని కూడా నాలుగంగుళాలు పంపించాలి, వచ్చిన చుట్టాన్ని వీధి మలుపు దాకా సాగనంపినట్టు. అప్పుడు బండరాయిలా వచ్చింది కూడా చివరికి తలుపు చప్పుడంత మిగులుతుంది. ఇక అసలు తగలకుండా తప్పించుకున్నప్పుడు చెవి పక్కనుంచి గ్లవ్ 'ఉఫ్' మంటూ పోతుంది చూడండి, ఆ చప్పుడంటే దిండుకి ప్రాణం. ఎండలో నడిచి వచ్చినవాడి మొహం మీద ఎవరో ఊదినట్టుంటుంది.

అతను ఉండేది లాండ్రీ మీద ఒంటి గదిలో. పగలంతా కింద ఇస్త్రీ చేసిన బట్టల వాసన వెచ్చగా పైకొస్తుంది. గది నిండా ఎవరో ఉన్నట్టే ఉంటుంది. ఆదివారం లాండ్రీకీ సెలవే, జిమ్‌కీ సెలవే. ఆ రోజు దిండు ఎవరితోనూ మాట్లాడడు. మాట్లాడకూడదని కాదు, మనిషి ఉండాలి కదా. దూరాన ఒక అక్క ఉంది. నెలకోసారి ఫోన్ చేసి, "ఇంకా కొట్టించుకుంటూనే ఉన్నావా?" అని అడిగి, ఉన్నానంటే పెట్టేస్తుంది. సోమవారం పొద్దున జిమ్ గుమ్మంలో మాస్టారుకి నమస్కారం చెప్పేటప్పుడు ఆ మొదటి మాట గొంతులో తుప్పు పట్టిన బోల్టులా తిరుగుతుంది.

జుట్టు పెరగకపోయినా నెలకోసారి సెలూన్‌కి పోతాడు. అక్కడ ఒక పెద్దాయన ఉన్నాడు. అతని వేళ్ళు తల మీద పడగానే దిండు మెడ దానంతటది పక్కకి జారుతుంది.

"తల కదపకు నాయనా. ఇది కత్తెర, గ్లవ్ కాదు."

"మీరు వేగంగా వస్తున్నారు."

"నేను ఇరవయ్యేళ్ళుగా ఇంతే వేగం. కత్తెరని తప్పించుకునే గిరాకీ నాకు నువ్వొక్కడివే."

కొట్టని చెయ్యి తల మీద పడేది ఆ ఒక్క చోటే. ఆ సంగతి పెద్దాయనకి చెప్పలేదు. చెప్పేది కూడా కాదు.

ఈసారి పోటీ పెళ్ళికొడుక్కి. పెళ్ళయి నాలుగు నెలలు దాటినా జిమ్‌లో ఆ పిలుపు పోలేదు. పోయే లక్షణాలు అతనిలోనూ కనబడటం లేదు. తాడు మీద గెంతుతూ తనలో తను నవ్వుకుంటాడు. చేతికట్లు విప్పితే మడతల్లోంచి ఒక చీటీ పడుతుంది. చదువుకుని, దాన్ని మళ్ళీ మడతలో పెట్టి కట్టుకుంటాడు. ఒకరోజు మాస్టారు ఉండబట్టలేక లాక్కుని పైకి చదివాడు. 'వచ్చేటప్పుడు బల్బు' అని ఉంది.

"దీనికా ఆ మొహం?" అన్నాడు మాస్టారు.

"బల్బు పక్కన పువ్వు గీసింది చూడండి మాస్టారూ."

మాస్టారు చూశాడు. పువ్వే. చీటీ తిరిగి ఇచ్చేశాడు.

ఆ చీటీలు రాసే అమ్మాయి పుస్తకాలకి బైండింగ్ చేసే చోట పనిచేస్తుంది. నాలుగింటికి పని అయిపోగానే వేళ్ళకి ఎండిన జిగురుతోనే జిమ్‌కి వచ్చి, రింగు పక్క బల్ల మీద దిండుకి ఎడమవైపు కూర్చుంటుంది. కుడివైపు నీళ్ళ డ్రమ్ము ఉంటుంది కాబట్టి ఇంకో చోటు లేదు. వచ్చిన మొదటిరోజే అన్నయ్యా అని పిలిచింది.

"మీ ఆయన నన్ను అన్నా అంటాడు. ఆ లెక్కన నువ్వు బావగారూ అనాలమ్మా" అన్నాడు దిండు.

"ఆయన వరస ఆయనది, నా వరస నాది. ఈ బల్ల మీద మీరే ముందు పలకరించారు. అన్నయ్యే."

దిండుకి ఆ మాట రెండు రోజులు అరగలేదు. గదిలో టీ కాచుకుంటూ ఊరికే ఒకసారి పైకి అనుకుని చూశాడు, తన గొంతుతో. బాగాలేదు. ఆమె అంటేనే బాగుంది.

ఇంకోరోజు ఆ అమ్మాయి గొంతు తగ్గించి అడిగింది. "నిజం చెప్పండి అన్నయ్యా. ఆయనకి ఎక్కువ తగలవు కదా?"

"నాకు తగిలినన్ని తగలవులే."

"జోకు కాదు. మాటివ్వండి."

"ఇచ్చానమ్మా."

ఎదుటివాడు మామూలోడు కాదు. జిమ్‌లో వాడికి జారుడుబండ అని పేరు పెట్టారు. వాడి తలకి గురి పెట్టినవాళ్ళంతా గాలిని కొట్టి అలిసిపోతారు. కానీ సాధన మొదలైన నాలుగోవారంలో పెళ్ళికొడుకు వాడి కిటుకు పట్టేశాడు. ఎడమచేత్తో రెండు సూటి దెబ్బలు వెయ్యగానే, జారుడుబండగా ఆడుతున్న దిండు తల ప్రతిసారీ తన కుడివైపుకే జారుతోంది. సరిగ్గా అక్కడికి పెళ్ళికొడుకు ఎడమ హుక్ వెళ్ళి కూర్చుంటోంది. పక్కనుంచి చెయ్యి వంచి కొట్టే ఆ దెబ్బ పదికి తొమ్మిదిసార్లు తగులుతోంది. మాస్టారు మొహం వెలిగిపోయింది. ఇక పథకం అంతా ఆ హుక్ చుట్టూనే అల్లాడు. హుక్ వేసిన క్షణంలో వేసినవాడి చెంప కాపలా లేకుండా ఉంటుంది. ఉంటే ఉండనీ, తగిలాక అవతలివాడు లేచేదెక్కడ అన్నాడు.

అది అలా ఉండగా, పోటీకి పదకొండు రోజులుందనగా ఆ అమ్మాయి నవ్వుతూ ఒక మాట అంది.

ఆ జిమ్‌లో ఒక పద్ధతి ఉంది. ఈ గోడ నుంచి ఆ గోడకి గడ్డం ఎత్తున ఒక తాడు కట్టి, దానికి మాస్టారు రోజూ సుద్ద పూస్తాడు. బాక్సర్లు తాడు పొడుగునా నడుస్తూ, ప్రతి అడుగుకీ మోకాళ్ళు వంచి తలని తాడు కింద నుంచి ఈ పక్కకీ ఆ పక్కకీ దాటించాలి. తాడు తగిలితే చెవికో భుజానికో తెల్లగా అంటుకుంటుంది. ఎవరెంత బద్ధకించారో మాస్టారు అడగకుండానే తెలుస్తుంది.

"అన్నయ్యా, మీరు రోజూ ఎడమ చెవికే పౌడరు వేస్తారేం?" అంది ఆ అమ్మాయి. "మా ఆయనకి ఓరోజు ఇటు, ఓరోజు అటు. మీకు నిన్నా అదే, మొన్నా అదే. రెండో చెవి అలగదూ?"

దిండు నవ్వాడు. చెవి తుడుచుకున్నాడు.

"ముందిది పట్టుకోండి, చెయ్యి పీకుతోంది" అంది ఆ అమ్మాయి.

అప్పుడు తల తిప్పి చూశాడు. ఎడమవైపు, అతని మొహానికి జానెడు దూరంలో, ఒక బిస్కెట్టు ఎప్పటినుంచో వేచి ఉంది.

ఎడమ కంటి చివర మసక ఉన్న సంగతి అతనికి తెలుసు. రెండు నెలల క్రితం మెరుపుల్లాంటివి కనబడి పోయాయి. తర్వాత మూలన ఒక నల్లటి తెర దిగింది, కిటికీకి సగం లాగిన కర్టెనులా. రేపు తగ్గుతుంది, ఎల్లుండి తగ్గుతుంది అనుకున్నాడు. ఏడాది పరీక్షకి ఇంకా టైముంది. డాక్టరు చూస్తే లైసెన్సు పోతుంది, అది పోతే సోమవారాలు కూడా ఆదివారాలైపోతాయి. అందుకని ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ తెరకీ చెవికంటిన సుద్దకీ సంబంధం ఉందని ఆ క్షణం దాకా తట్టలేదు.

సాయంత్రం గదికి వెళ్ళి, బట్టలు ఆరేసే తాడు కింద కూర్చుని జారుడుబండ వీడియో పెట్టుకున్నాడు. చొక్కా గుండీల డబ్బా ఒలకబోసి, వాడి తల కుడికి పోతే కుడిపక్క ఒక గుండీ, ఎడమకి పోతే ఎడమపక్క ఒక గుండీ పెట్టాడు. మూడు పోటీలు చూసేసరికి రెండు కుప్పలూ ఇంచుమించు ఒకటిగానే ఉన్నాయి. వాడి తలకి ఏ లెక్కా లేదు. అదే వాడి గొప్ప. తర్వాత మాస్టారు ఫోనులో పంపిన వీడియో పెట్టాడు, పెళ్ళికొడుకుతో తను చేసిన స్పారింగ్‌ది. కుడిపక్క గుండీలు కుప్పపడ్డాయి. ఎడమపక్క మూడు.

ఎడమవైపు చీకటి కాబట్టి తల అటు పోనంటోంది. వెలుతురున్న వైపుకే జారుతోంది, తనకి చెప్పకుండా. ఇన్ని రోజులుగా పెళ్ళికొడుకు కనిపెట్టింది జారుడుబండ కిటుకు కాదు, దిండు కంటి జబ్బు. పోటీ రోజున ఆ హుక్ వెళ్ళి ఖాళీ గాలిలో కూర్చుంటుంది. జారుడుబండ ఎడమకి తప్పుకుని, కాపలా లేని ఆ చెంప మీద కుడిచెయ్యి వేస్తాడు.

దిండు గుండీలన్నీ ఏరి డబ్బాలో పోశాడు. ఒకటి మంచం కిందికి దొర్లిపోయింది. దానికోసం చాలాసేపు వెతికాడు.

మర్నాటికి ఒక ఉపాయం ఆలోచించుకుని వచ్చాడు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, తల ఎడమకి కూడా తిప్పితే సరి. మొదటి రౌండులో తిప్పాడు. చీకట్లోకి తల పెట్టినట్టే ఉంది. పెళ్ళికొడుకు కుడిచెయ్యి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియలేదు, వచ్చాక తెలిసింది. కనబడని దెబ్బతో కలిసి నాలుగంగుళాలు వెళ్ళడం ఎలా కుదురుతుంది? సాగనంపాలంటే చుట్టం వచ్చాడని ముందు తెలియాలి. రింగులో గడిపిన పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి దెబ్బ పూర్తి బరువుతో లోపలికి దిగింది. రెండో రౌండులో ఇంకోటి. మూడో రౌండులో మోకాలు నేలకి ఆనింది.

పెళ్ళికొడుకు ఆగిపోయాడు. "అన్నా, ఏమైందివాళ?"

"ఏం కాలేదు. ఆడు."

"ఏం ఆడేది?" మాస్టారు తాళ్ళ మీంచి వంగాడు. "ఒరేయ్ దిండూ, అటెందుకు పోతున్నావ్? వాడు అటు పోడు. వాడిలా ఆడు."

"వాడు అటు కూడా పోతాడు మాస్టారూ."

"ఎప్పుడు పోయాడు? ఇన్నాళ్ళూ నువ్వు ఇటే పోతున్నావ్ కదరా."

"నేను పోతున్నాను. వాడు కాదు."

మాస్టారుకి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పడానికి రెండు మూడు దారులున్నాయేమోనని దిండు వెతుక్కున్నాడు, ఒక్కటే కనిపించింది. పళ్ళ గార్డు తీసి చేత్తో పట్టుకుని, బల్ల వైపు తిరిగి, "అమ్మా, నువ్వొకసారి రింగులోకి రా" అన్నాడు. ఆ అమ్మాయి చెప్పులు విప్పి, తాళ్ళ మధ్యనుంచి బెరుగ్గా లోపలికొచ్చింది. "నా ఎడమపక్కన నిలబడు. నేను తిన్నగా ముందుకే చూస్తుంటాను. నీ ఇష్టమొచ్చినన్ని వేళ్ళు చూపించు."

ఆమె నిలబడింది. దిండు చూపు ఎదుటి గోడ మీదే ఉంచాడు.

"చూపించమ్మా" అన్నాడు దిండు.

పెళ్ళికొడుకే మెల్లగా చెప్పాడు. "అన్నా, తను రెండు చేతులూ ఎత్తి నిలబడింది."

మాస్టారు రింగులోకి వచ్చాడు. ముందు కోపమే వచ్చింది. "ఇన్ని వారాలు వాడిచేత నీ గుడ్డికన్నుని కొట్టించావా?" అన్నాడు. తర్వాత దిండు చేతులు తన చేతుల్లోకి తీసుకుని గ్లవ్స్ లేసులు విప్పడం మొదలుపెట్టాడు. అవి ఎప్పుడూ దిండే పళ్ళతో లాగి విప్పుకుంటాడు.

"ఎన్నాళ్ళైంది?"

"రెండు నెలలు."

"నాతో చెప్పడానికేం?"

"చెప్తే రేపట్నుంచి ఎక్కడికి రావాలి మాస్టారూ?"

ముడి బిగిసిపోయిందని మాస్టారు ఇంకాసేపు దాంతోనే కుస్తీ పట్టాడు.

ఆసుపత్రికి బయల్దేరేముందు దిండు పెళ్ళికొడుకుని దగ్గరికి పిలిచాడు. "హుక్ మర్చిపో. తల జోలికే పోవద్దు. రొమ్ము మీద కొట్టు, డొక్కల్లో కొట్టు. వాడి తల ఎటైనా జారుతుంది, రొమ్ము ఎక్కడికి పోతుంది?"

"పది రోజుల్లో మర్చిపోగలనా అన్నా?"

"నేను నలభైమందిని మర్చిపోయాను. నువ్వొకణ్ణి మర్చిపోలేవా?"

కంటి వెనకాల పొర ఊడి వచ్చిందని ఆసుపత్రిలో చెప్పారు. రెండో రోజే ఆపరేషన్ చేసి, కంట్లో గాలిబుడగ పెట్టారు. ఆ బుడగ పొరని అదిమిపెట్టి ఉంచాలంటే పది రోజులు బోర్లా పడుకునే ఉండాలి. మంచానికి మొహం పట్టేంత ఖాళీ ఉంది, దానిలోంచి కనబడేది నేల ఒక్కటే. ఇక రింగు మాట ఎత్తొద్దని డాక్టరు ఒక్క ముక్కలో చెప్పేశాడు. నర్సు మాత్రం రోజూ అదే మాట అంటుంది. "తల కదపకండి. కదిపితే మళ్ళీ మొదటికొస్తుంది."

పంతొమ్మిదేళ్ళు తల కదపడమే పనిగా బతికినవాడికి ఇది చెప్పాల్సి రావడం తమాషాగానే ఉంది గానీ, పంచుకోవడానికి ఎవరూ లేరు. సెలూన్ పెద్దాయనైతే బాగా నవ్వేవాడు.

కుడికంటితో నేల చూస్తూ దిండు మనుషుల్ని కాళ్ళని బట్టి గుర్తుపట్టడం నేర్చుకున్నాడు. నర్సువి నీలం లేసుల తెల్ల బూట్లు. తుడిచే ఆమెవి ఒక పక్క అరిగిన ప్లాస్టిక్ చెప్పులు. పక్క మంచం దగ్గరికి రకరకాల కాళ్ళు వచ్చి, గుంపుగా నిలబడి, వెళ్ళిపోయేవి. మాస్టారు కాళ్ళు ఒకరోజు వచ్చాయి. "ఏమైనా కావాలా?" అన్నాయి. "ఏం వద్దు మాస్టారూ" అన్నాడు. ఆ కాళ్ళు ఇరవై నిమిషాలు బరువు ఇటూ అటూ మార్చుకుంటూ నిలబడి, జిమ్‌కి టైమైందని వెళ్ళిపోయాయి.

పోటీ రోజు సాయంత్రం ఫోన్ ఆపేసి నర్సుకి ఇచ్చేశాడు. వినే ధైర్యం లేదు. మొదటి గంట కొట్టే సమయానికి మెడ నరాలు వాటంతటవే బిగుసుకున్నాయి. మంచం అంచులు రెండు చేతులా పట్టుకుని, ఒకటి, రెండు, మూడు అని పది రౌండులకి సరిపడా లెక్కపెట్టాడు. లెక్క అయిపోయింది. ఇప్పుడు అక్కడ అయిపోయి ఉంటుంది. ఏమైందో ఈ నేలకి తెలియదు.

తెల్లవారి తొమ్మిదింటికి రెండు జతల కాళ్ళు వచ్చాయి. ఒక జత చెప్పుల మీద జిగురు మరకలున్నాయి. రెండో జత బూట్లు. దిండు ఆ బూట్ల నడకనే చూశాడు. తూలడం లేదు. మడమ ముందు, మునివేళ్ళు తర్వాత, తిన్నగానే పడుతున్నాయి. అప్పుడు గాలి వదిలాడు.

"ఎన్ని తగిలాయి?" అని అడిగాడు, గెలిచావా అని కాకుండా.

బూట్లు వెనక్కి జరిగాయి. పెళ్ళికొడుకు నేల మీద వెల్లకిలా పడుకుని, కార్ల కిందికి దూరే మెకానిక్కులా మంచం కిందికి జరుగుతూ వచ్చి, సరిగ్గా దిండు మొహం కింద తన మొహం ఆపాడు.

"నువ్వే లెక్కపెట్టుకో అన్నా."

ఎడమ కనుబొమ్మ మీద రెండు కుట్లు. ముక్కు తిన్నగా ఉంది. పళ్ళన్నీ ఉన్నాయి. పెదవి కొంచెం వాచింది.

"డ్రా ఇచ్చారు" అన్నాడు. "తొమ్మిది రౌండులు డొక్కలే కొట్టాను. వాడి మోచేతులు కిందికి దిగిపోయాయి. ఏడో రౌండులో ఒక్కసారి మర్చిపోయి హుక్ వేశాను. వాడక్కడ లేడు. ఈ కుట్లు దానివే."

దిండు ఆ రెండు కుట్లనీ చాలాసేపు చూశాడు. అవి తను వేసినవే. పదో ఇరవయ్యో కావాల్సినవి రెండు దగ్గర ఆగాయి, అంతే.

"జరగండి, నాక్కూడా చోటివ్వండి" అంటూ ఆ అమ్మాయి కూడా నేల మీద పడుకుని పక్కకి చేరింది. కింద రెండు మొహాలు, పైన ఒకటి. "అన్నయ్యా, చెవికి పౌడరు లేకపోతే మిమ్మల్ని గుర్తుపట్టడం కష్టంగా ఉంది." అతను నవ్వాడు. "తల కదపకండి" అని తెల్లబూట్లు వచ్చి ముగ్గుర్నీ కలిపి తిట్టాయి.

వాళ్ళు వెళ్ళిపోయాక నేల మళ్ళీ నేల అయింది. కానీ అతని చూపుకి ఎదురుగా ఆ అమ్మాయి ఒక చీటీ పెట్టి వెళ్ళింది. 'వచ్చేటప్పుడు ఏమీ తేవద్దు. ఆదివారం, మా ఇంటికి.' పక్కన పువ్వు. చెయ్యి చాస్తే అందదు. వంగకూడదు. అక్కడే ఉంచుకుని చదువుకోవాలి.

కాసేపటికి తుడిచే కర్ర వచ్చింది. తడిగుడ్డ కుడికీ ఎడమకీ ఊగుతూ దగ్గరికొస్తుంటే దిండు మెడ దానితో పాటు జారబోయింది. బిగపట్టుకున్నాడు.

"అమ్మా, ఆ కాయితం తియ్యకండి" అన్నాడు. గొంతు బొంగురుగా వచ్చింది.

ప్లాస్టిక్ చెప్పులు ఆగాయి. తడిగుడ్డ చీటీ చుట్టూ తిరిగి, దాన్ని పొడిగా వదిలేసి ముందుకి పోయింది.

"ఇవాళ ఏ వారమమ్మా?" అని ఆ చెప్పుల్ని అడిగాడు.

"సోమవారం" అన్నాయి చెప్పులు, వెళ్ళిపోతూ.